ఉప్పు మోసినోళ్ల కోడలు

బాన్సువాడ బస్టాండులో దిగి మైకు జమ్లి ఇల్లెక్కడని అడిగితే చెరుకురసం బండి దగ్గర నిలబడ్డవాళ్లు కూడా దారి చెబుతారు. బీర్కూరు రోడ్డు పట్టుకొని పోయి, కాలువ వంతెన దాటాక ఎడమకు తిరగాలి. ఎర్రరాళ్ల గుట్ట వస్తుంది. గుట్ట వెనక తండా. ఆ తండాలో ముందుగా ఎవరి గొంతు వినబడితే అదే జమ్లి ఇల్లు.

ఆమె పుట్టింది ఇక్కడ కాదు. జుక్కల్ అవతల, మరాఠీ, కన్నడం, తెలుగు మూడూ చెవిన పడే చోట ఒక చిన్న తండాలో. దీపావళి పోగానే అమ్మానాయనలు చెరుకు కొట్టడానికి మహారాష్ట్రకు పోయేవాళ్లు. పిల్లా వాళ్ల వెంటే. చెరుకాకు గుడిసెల్లో, ఎడ్లబండ్ల నీడన, కూలీలను కుదిర్చే ముకద్దముల కేకల మధ్య పెరిగింది. ఇంట్లో లంబాడా మాట, పొలాల్లో మరాఠీ, వానకాలం తిరిగొచ్చాక బడిలో కాస్త తెలుగు, బిచ్కుంద అంగట్లో బేరాలాడుతూ ఉర్దూ. పెళ్లీడు రాకముందే నాలుగు భాషలు ఆమె నాలుక మీద కాపురం పెట్టాయి. అవి ఒకదానితో ఒకటి ఎన్నడూ కొట్లాడుకోలేదు.

సోమ్లాను చేసుకొని గుట్ట వెనక తండాకు వచ్చింది. సోమ్లా ఆటో నడుపుతాడు. మాటలు తక్కువ మనిషి. ఇంట్లో మాట్లాడే పని మొత్తం భార్యకూ, తల్లి దేవీబాయికీ వదిలేశాడు. దేవీబాయి కూడా పెద్దగా మాట్లాడేది కాదు కాబట్టి ఆ భారం జమ్లి ఒక్కతే మోసింది.

ఒక ఎన్నికల సమయంలో ఒక పార్టీవాళ్లు సోమ్లా ఆటోకు మైకు కట్టారు. తండాల్లో లంబాడా మాటలో ప్రచారం చెయ్యాల్సిన పిల్లగాడికి జ్వరమొచ్చింది. ఆటో ఊరికే నిలబడి ఉంటే కిరాయి పోతుందని సోమ్లా దిగాలుపడ్డాడు. "ఇటియ్యి, నేను చెప్త" అని జమ్లి మైకు అందుకుంది. మొదటి మాట అనగానే గొంతు పోయి గుట్టకు తగిలి, పెద్దదై, తిరిగి ఆమె దగ్గరికే వచ్చింది. జమ్లి ఉలిక్కిపడి మైకు వైపు చూసింది. తన గొంతులో ఇంత మంది మనుషులున్నారా అనిపించింది. చేలల్లో కలుపు తీస్తున్న ఆడవాళ్లు నడుములెత్తి చూశారు. వాళ్లలో దేవీబాయి కూడా ఉంది. కోడలి గొంతు ఆకాశం నుంచి వస్తున్నట్టుంటే ఆమె చెయ్యి అడ్డం పెట్టుకొని పైకి చూసిందట.

అప్పటి నుంచి ఏ పార్టీవాళ్లు వచ్చినా ముందు జమ్లి దగ్గరికే. ఒకసారి ఈ జెండా, మరోసారి ఆ జెండా. "నిన్నటిదాంక గా పార్టీని మెచ్చుకుంటివి, గీపొద్దు తిడుతున్నవేందే" అని ఎవరైనా నవ్వితే ఆమె కూడా నవ్వేది.

"గొంతు నాది, మాట వాళ్లది. ఆటోల ఎవలు ఎక్కితే వాళ్లను దింపొస్తడు కద మా ఆయన? గట్లనే నేను."

ఇందులో తప్పేముందో ఆమెకు తోచలేదు. వినేవాళ్లకూ తోచలేదు.

ఇట్లా ఉండగా ఫ్యాక్టరీ మాట వచ్చింది. గుట్టకూ కాలువకూ నడుమ ఉన్న రాళ్లభూమిని ఒక కంపెనీ కొన్నది. నూకల నుంచి, ముక్కిన బియ్యం నుంచి ఇథనాల్ తీస్తారు, దాన్ని పెట్రోల్లో కలుపుతారు. అయితే అనుమతి రావాలంటే చుట్టుపక్కల జనాన్ని ఒకచోట కూర్చోబెట్టి, అధికారి ముందు వాళ్ల అభిప్రాయం వినాలి. అది చట్టం. జనంలో సగం మంది తండాలవాళ్లు. అందుకని కంపెనీ తరఫున వెంకటనారాయణ అనే ఆయన తెల్లకారు దిగి సోమ్లా గుమ్మం ముందుకు వచ్చాడు.

నెమ్మదైన మనిషి. కోస్తా వైపువాడు. తండాకు వచ్చిన ఆఫీసర్లు చాలామంది నిలబడే మాట్లాడి పోతారు. ఈయన నులక మంచం మీద కూర్చొని చాయ్ తాగాడు.

"మేము అబద్ధం చెప్పమనట్లేదమ్మా. ఉద్యోగాలొస్తాయి, నూకలకు ధర వస్తుంది. ఆ మాట మీ భాషలో మీ వాళ్లకు చెప్పు. చాలు" అన్నాడు.

ఆటో కదిలింది. తండా తండాకూ జమ్లి గొంతు చేరింది. దాని వెనకే కంపెనీ కూడా చేరింది. సేవాలాల్ మహారాజు గుడి ముందు రేకుల షెడ్డు లేచింది. తాగునీళ్ల మిషను వచ్చింది. వాలీబాల్ నెట్లు వచ్చాయి. ఆ ప్రాంతంలో మాట చెల్లే పెద్ద నాయకుడు ఒకాయన ఒక పెండ్లికి వచ్చి, అక్షింతలు వేసి, "ఫ్యాక్టరీ మన బతుకులు మారుస్తది" అని చెప్పి పోయాడు. ఆయన బామ్మర్దికి అందులో వాటా ఉందని కొందరు గుసగుసలాడుకున్నారు. గట్టిగా అడిగినవాళ్లు లేరు.

తరువాత కంపెనీ బస్సు పెట్టి సరిహద్దు అవతల నడుస్తున్న ఒక ఫ్యాక్టరీని చూపించడానికి తండాల వాళ్లను తీసుకుపోయింది. జమ్లి ముందు సీట్లో కూర్చుంది. గేటు లోపల దిగి తల పైకెత్తిన ఆమె అలాగే ఉండిపోయింది. గుట్టలను ఎవరో నున్నగా చెక్కి వెండిపూత పూసి నిలబెట్టినట్టు ట్యాంకులు. లారీలు వచ్చి వెనక్కి వంగుతుంటే గింజలు వాగులా పారుతున్నాయి. భూమి అడుగున ఏదో పెద్ద జంతువు ఊపిరి తీస్తున్నట్టు అరికాళ్లలో వణుకు.

"ఆ గింజ వారంలో బండ్లు నడిపే నూనె అవుతుంది" అన్నాడు వెంకటనారాయణ. ఆయన కళ్లలో కూడా అదే ఆశ్చర్యం. ఇన్నేళ్ల కొలువులో అది తగ్గినట్టు లేదు.

"మనిషి ఏం పుట్టుక పుట్టిండు సార్!" అంది జమ్లి. మనసారా అన్న మాట అది.

అందరూ బిర్యానీ తింటుంటే ఆమె చెయ్యి కడుక్కోవడానికని ప్రహరీ వెనక్కి పోయింది. అక్కడ రోడ్డవతల ట్యాంకరు దగ్గర బిందెలతో ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. జమ్లి మరాఠీలో పలకరించింది. ఒకామె తలమీది బిందె దించింది.

"ఇంట్ల బోరు లేదా బాయీ?"

"ఉంది. చూస్తావా?"

ఆమె ఇల్లు అక్కడికి దగ్గరే. చేతిపంపు కొట్టి జమ్లి దోసిట్లో నీళ్లు పోసింది. జమ్లి ముక్కు దగ్గరికి తెచ్చుకొని, తాగకుండానే వదిలేసింది. పులిసిన గంజి వాసన. దాని వెనక ఇంకేదో, ఇనుములాంటిది.

"నా కొడుక్కు లోపల వాచ్‌మన్ పని ఇచ్చిండ్రు" అంది ఆ మనిషి. "ఆ జీతంతోనే ఇంటికి స్లాబు పోసుకున్నం. బోరు మాత్రం ఇట్లయింది. ఏది చెప్పమంటే అది చెప్త. రెండూ నిజమే."

తిరుగు ప్రయాణంలో బస్సులో పాటలు పెట్టారు. జమ్లి కిటికీ పక్కన కూర్చుంది. దిగేటప్పుడు వెంకటనారాయణను అడిగింది. ఆయన కోప్పడలేదు, దాచలేదు.

"అది పాత పద్ధతి ఫ్యాక్టరీ జమ్లమ్మా. మనది కొత్తది. చుక్క కూడా బయటికి పోదు."

ఆయన ఆ మాట నమ్మే అన్నాడని ఆమెకు అర్థమైంది. అయినా దోసిట్లో వాసన మూడు పూటలు పోలేదు. అత్తకు చెబితే దేవీబాయి కోడలి చేతులు పట్టుకొని వాసన చూసింది.

అదే సమయంలో ఇంకో పక్క ఇంకో కారు తిరుగుతోంది. అది గీతది. హైదరాబాదులో నీళ్లు, భూములు, గాలి గురించి పనిచేసే ఒక సంస్థలో ఆమె ఉద్యోగి. ముప్పై దాటిన వయసు, పెద్ద పెద్ద అడుగులు, ఎండకు కమిలిన ముఖం. కాలువ కింద వరి, చెరుకు పండించే రైతులు ఆమెను పిలిపించుకున్నారు. వాళ్లకు పెద్ద రాజేశ్వర్ పటేల్. తాతల నాటి నుంచి భూమి ఉన్న మనిషి, మాట కొంచెం కరుకు. గీత కంపెనీ దాఖలు చేసిన ఇంగ్లిషు రిపోర్టును తెలుగు చేయించింది. వకీలును తెచ్చింది. నీళ్ల సంగతి తెలిసిన ప్రొఫెసర్‌ను తెచ్చి బాన్సువాడ ఫంక్షన్ హాల్లో మీటింగు పెట్టింది. తండాల వాళ్లకు చెప్పాలంటే ఎవరు కావాలి? జమ్లి కావాలి. జమ్లి పోయింది. ఆ రోజు కిరాయి కూడా తీసుకుంది.

సంగతి తెలిసి వెంకటనారాయణ నొచ్చుకున్నాడు. "మా ఉప్పు తిని వాళ్ల తరఫున మాట్లాడతావా?"

"వాళ్ల ఉప్పూ తిన్న సార్. రెండు దిక్కుల కిరాయే కద" అంది జమ్లి. ఆయన నవ్వేశాడు.

గీత ఒకరోజు తండాకు వచ్చి ఆడవాళ్లందరినీ గుట్ట ముందు నిలబడమంది. చేతులు జోడించమంది. ఫొటో తీస్తుందట. "ఈ గుట్ట మీకు దేవత కదా?" అని అడిగింది.

జమ్లి లంబాడాలో అత్తకు చెప్పింది. దేవీబాయి గుట్ట వైపు తిరిగి చూసి, అందులో తాను గమనించనిది ఏమన్నా ఉందా అని పరీక్షగా చూసి, తల అడ్డంగా ఊపింది.

"గుట్ట గుట్టనే. దేవుడు గుళ్లె ఉంటడు. గుట్ట మీద మా మేకలు మేస్తయి."

ఆడవాళ్లు పకపకా నవ్వారు. గీత ముఖం ఎర్రబడింది. కెమెరా సంచిలో పెట్టేసి రాయి మీద కూర్చుంది. నవ్వులు ఆగాక జమ్లి ఆమె పక్కన కూర్చొని, చాలా రోజుల నుంచి కడుపులో ఉన్న మాట అడిగింది.

"మేడం, కంపెనీకి పైసలు కంపెనీయే. నీకు ఎవలిస్తరు?"

గీత కెమెరా సంచి జిప్పు లాగి మూసింది. దాటేస్తుందేమో అనుకుంది జమ్లి.

"జర్మనీల ఒక సంస్థ ఉంది. నా జీతం, ఆ కారు కిరాయి, వకీలు ఖర్చు, అన్నీ అక్కడి నుంచే. ఏడాదికోసారి లెక్క చెప్పాలె. ఫొటోలు పంపాలె. అందుకే ఇందాక అట్ల నిలబడమన్న. తప్పే."

"వాళ్లను చూసినవా?"

"వీడియోల చూసిన. ముసలోళ్లు. వాళ్ల నది ఒకప్పుడు ఫ్యాక్టరీలతోని చచ్చిపోయిందంట. మళ్ల బతికించుకున్నరంట."

జమ్లి గుట్ట వైపు చూసింది. సముద్రాలవతల ఎవరో ముసలివాళ్లు, లంబాడాల గోర్‌బోలి మాట ఒక్క ముక్క తెలియనివాళ్లు, గుట్ట వెనక బోరు నీళ్ల కోసం తమ సంపాదనలోంచి తీసి పంపుతున్నారు. ఏ పట్నంలోనో ఏసీ గదుల్లో కూర్చున్నవాళ్లు అదే నేల మీద వెండి ట్యాంకులు లేపడానికి తీసి పంపుతున్నారు. ఇద్దరూ ఈ తండాను చూడలేదు. ఇంత దూరం నుంచి రెండు పెద్ద చేతులు చాచుకొని వచ్చి మేకలు మేసే ఎర్రరాళ్ల మీద వాలాయి. ఆమెకు ఒళ్లు జలదరించింది. భయం కాదు. ఆకాశంలో చుక్కలన్నీ కనబడే రాత్రి తల ఎత్తితే కలిగే జలదరింపు అది.

కరపత్రాలు వచ్చాయి. "విదేశీ పైసలకు అమ్ముడుపోయిన అభివృద్ధి నిరోధకులు" అని పెద్ద అక్షరాలు. టీ హోటళ్లలో, మంగలి షాపుల్లో అవే మాటలు. తరువాత గీత సంస్థకు బయటి దేశం డబ్బు తీసుకునే అనుమతి ఆగిపోయింది. ఎందుకు ఆగిందో, ఎవరు ఆపించారో తండాదాకా రాలేదు. గీత మాత్రం వచ్చింది. ఈసారి కారు లేదు, బస్సు దిగి నడుచుకుంటూ వచ్చింది. జీతాలు లేవు, ఆఫీసు మూసేస్తున్నారు. అధికారి ముందు జరిగే సభ రోజున బస్సులు పెడతామని, వకీలు వస్తాడని ఇదివరకు చెప్పింది, ఇప్పుడు అవేవీ ఉండవు. చెబుతూ చెబుతూ ఏడ్చింది. దేవీబాయి ఆమెకు మజ్జిగ ఇచ్చింది.

అవతల రాజేశ్వర్‌ను పెద్ద నాయకుడు ఇంటికి పిలిపించుకొని చాయ్ తాగించాడు. అక్కడేం మాట్లాడుకున్నారో గానీ రైతుల కమిటీలో సగం మంది మరునాటి నుంచి ఫోన్లు ఎత్తడం మానేశారు.

సభకు ముందు వారంలో ఒక పొద్దున రాజేశ్వర్ మోటర్ సైకిలు తండాలోకి వచ్చింది. అరవై ఏళ్ల మనిషి. తండా మనుషులు ఆయన పొలాల్లో నాట్లు వేశారు, కోతలు కోశారు, ఆయన వాకిట్లో నిలబడి కూలి తీసుకున్నారు. ఆయన మాత్రం గుట్ట దాటి రావడం ఇదే మొదలు. బండి దిగి ఎటు నడవాలో తెలియనట్టు నిలబడ్డాడు.

"కూసో పటేలా" అంది దేవీబాయి తనకు వచ్చిన కొద్దిపాటి తెలుగులో. పొయ్యి మీద నుంచి తీసిన జొన్నరొట్టె, మిరపకాయ కారం పళ్లెంలో పెట్టి ముందుంచింది. పటేళ్లు తండాలో తినరని సోమ్లాకు తెలుసు. రాజేశ్వర్ పళ్లెం చూశాడు, రొట్టె తుంచాడు, తిన్నాడు. కారానికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"గీత మేడం పాయె. మా ఊళ్లె సగం మంది ఎన్కకు జరిగిండ్రు. నేనైతే ఒక్కన్నన్న వస్త. వచ్చి ఏం మాట్లాడాల్నో మాత్రం సమజైతలేదు" అన్నాడు.

జమ్లి అత్తకు చెప్పింది. దేవీబాయి ఇంకో రొట్టె వేసింది. "నాకూ తెల్వది. సభకు పోయి చూద్దాం" అంది.

సభలో తండావాళ్ల మాటలను తెలుగులోకి తర్జుమా చెయ్యడానికి మనిషి కావాలని ఆఫీసువాళ్లు జమ్లిని పిలిచారు. కంపెనీవాళ్లకూ అభ్యంతరం లేకపోయింది. మనిషి మనదే అనుకున్నారు.

ఆ రోజు రాళ్లభూమిలో పెద్ద టెంటు వేశారు. వేదిక మీద జిల్లా నుంచి వచ్చిన అధికారి, పక్కన రాసుకునేవాళ్లు, చివరన మైకు పట్టుకొని జమ్లి. పోలీసులు. కంపెనీ బస్సులు ఒకదాని వెనక ఒకటి వచ్చి మనుషులను దించాయి. టోపీలు ఇచ్చారు, తిండి పొట్లాలు ఇచ్చారు. ముందు కుర్చీలు నిండాయి. వెనక కుర్చీలు ఖాళీ. జమ్లి కాలువ గట్టు వైపు చూసింది. ఎవరూ లేరు. ఎవరు తెస్తే వస్తారు? ఏ సభకైనా మనుషులను ఎవరో ఒకరు తేవాల్సిందే. అన్నేళ్ల ప్రచారంలో ఆమె నేర్చుకున్నది అదే.

అధికారి మైకు తట్టి మొదలుపెట్టబోతుండగా గట్టు మీద ఒక ఎర్రటి చుక్క కనబడింది. పక్కన ఇంకోటి. అవి తండా ఆడవాళ్ల చీరకొంగులు. చూస్తుండగానే గట్టు పొడవునా రంగు పాకింది. వాళ్ల వెనక బీర్కూరు వైపు నుంచి ట్రాక్టర్లు, ట్రాలీల నిండా రైతులు. మొదటి ట్రాక్టరు మీద రాజేశ్వర్. ఫోన్లు ఎత్తనివాళ్లు కూడా ఆ ట్రాలీల్లో ఉన్నారు. బిచ్కుంద తోవలో ఆటోలు. బట్టలో కట్టుకున్న రొట్టెలు, నీళ్ల సీసాలు. చంకన పిల్లలు. ఒక్క జెండా లేదు. కుర్చీలు చాలక కోసిన వరిమళ్లలో, రాళ్ల మీద కూర్చున్నారు. ఇంకా వస్తూనే ఉన్నారు. పోలీసులు కూడా కర్రలు చంకన పెట్టుకొని అటే చూస్తున్నారు. జమ్లి చేతిలోని మైకు కిందికి దించింది. ఇంతమందిని ఎవరు పిలిచారు? తాను పిలవలేదు. ఆటో పోలేదు, మైకు పోలేదు.

సభ మొదలైంది. ఫ్యాక్టరీ కావాలనేవాళ్లు ముందు మాట్లాడారు. ఉద్యోగాల గురించి మంచిగానే చెప్పారు. వాళ్లలో ఒకడు మాత్రం వెనక్కి వేలు చూపించి, "వీళ్లంత విదేశీ కూడు తిని వచ్చినోళ్లు సార్. ఎవరి ఉప్పు తింటుండ్రో అడుగుండ్రి!" అని అరిచాడు.

జనంలో గోల లేచింది. ఆ గోలలోనే దేవీబాయి లేచి నడుచుకుంటూ వేదిక దగ్గరికి వచ్చింది. ఆమె ఎన్నడూ పదిమందిలో నోరు విప్పిన మనిషి కాదు. కోడలి వైపు చూడలేదు. అధికారి వైపు తిరిగి తన భాషలో మొదలుపెట్టింది. ఒక్కో మాట అని ఆగుతుంటే జమ్లి తెలుగులో చెప్పసాగింది.

"మా తాతలకు ఊరు లేకుండె. ఎడ్ల మీద ఉప్పు వేసుకొని దేశాలు తిరిగిండ్రు. మీ తాతలు తిన్న ఉప్పు మా ఎడ్ల వీపు మీద వచ్చిందే. ఉప్పు మోసినోళ్లను పట్టుకొని ఎవరి ఉప్పు తిన్నరని అడుగుతుండ్రు."

గోల ఆగిపోయింది.

"నీళ్లున్న కాడ ఎడ్లను ఇప్పెటోళ్లు. నీళ్లు పాడైతే మళ్ల బరువులెత్తి ఇంకో కాడికి పోయెటోళ్లు. ఇప్పుడు మాకు ఎడ్లు లేవు. ఇండ్లున్నయి, చేన్లున్నయి, బోర్లున్నయి. నీళ్లు పాడైతే ఏది ఎత్తుకొని యాడికి పోవాలె?" ఇక్కడ జమ్లి ఆగింది. ఇన్నేళ్లలో ఎన్నో మాటలు ఈ గొంతులో నుంచి పోయాయి. ఏదీ పోతూ పోతూ ఇట్లా లోపల గీసుకోలేదు. మింగి, మళ్లీ అందుకుంది. "కంపెనీకైతే ఇప్పటికీ ఎడ్లున్నయి. ఇక్కడ కాకుంటే ఇంకో కాడికి పోతది. మేం పోలేం."

"తప్పు చెప్తుంది!" అని ముందు కుర్చీల్లోంచి ఎవరో అరిచారు. "ముసల్ది అన్నది ఒకటి, గీమె చెప్పేది ఒకటి! వాళ్ల అత్తనే సార్ ఆమె!"

అధికారి జమ్లి వైపు చూశాడు. "రెండు భాషలూ తెలిసినవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా?"

కంపెనీ టోపీ పెట్టుకున్న మనిషి ఒకడు లేచాడు. హీరాలాల్. పక్క తండావాడు, పెద్ద నాయకుడి వెంట తిరిగేవాడు. ఇగ అయిపోయింది అనుకుంది జమ్లి. హీరాలాల్ మైకు తీసుకొని ఒక్క క్షణం నేల చూశాడు.

"సార్, నేను కంపెనీ బస్సుల వచ్చిన. కంపెనీ బిర్యానీ తిన్న. నాకు ఫ్యాక్టరీ కావాలె, ఇద్దరు పోరగాండ్లు పని లేక ఉన్నరు. గది నా మాట. కని ఆ అవ్వ అన్నదే ఈమె చెప్పింది. పొల్లు పోలే."

టోపీ సర్దుకొని కూర్చున్నాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఎవరూ ఈలలు వెయ్యలేదు. రాసుకునేవాళ్లు ఆ మాటా రాసుకున్నారు. కంపెనీ వైపు నిలబడి, కంపెనీకి నష్టమయ్యే నిజం చెప్పిన మనిషిని చూసి జమ్లికి చేతులెత్తి మొక్కాలనిపించింది.

దేవీబాయికి ఇంకో మాట మిగిలి ఉంది.

"పొద్దుగాల నేను జొన్నరొట్టె తిన్న, ఉల్లిగడ్డ నంజుకున్న. జొన్నలు మా చేన్లయి. ఉప్పు కొన్నది. రాసుకో సారూ."

అధికారి రాయమన్నాడు. రాశారు.

ఆ తరువాత జరిగింది ఎవరూ అనుకోనిది. రెండో ఆమె వచ్చి తన పేరు చెప్పి, "నేను జొన్న గట్క తాగి వచ్చిన" అంది. అప్పుడు తన బోరు సంగతి చెప్పింది. మూడో మనిషి రాత్రి మిగిలిన అన్నం తిన్నానన్నాడు. ఒకామె ఉపవాసమంది. ఇలా ఒక్కొక్కరు రావడం, ఏం తిన్నారో చెప్పడం, ఆ తరువాతే తమ మాట చెప్పడం. ఎవరూ వాళ్లకు నేర్పలేదు. ఫ్యాక్టరీ కావాలనేవాళ్లు కూడా కొందరు అదే వరసలో వచ్చి, "కంపెనీ పొట్లమే తిన్న, అయినా నాకు నౌకరి కావాలె" అని చెప్పారు. వాళ్ల మాటనూ జనం మర్యాదగా విన్నారు. రాజేశ్వర్ వంతు వచ్చింది.

"పొద్దుగాల పెరుగన్నం తిన్న. మొన్న ఈ తండాల దేవీబాయి పెట్టిన రొట్టె తిన్న. అర్వై ఏండ్ల సంది వీళ్లు నా చేను పండిస్తుండ్రు, వీళ్లింట్ల తినుడు గిదే మొదలు. గంతకంటే ఎక్కువ చెప్ప రాదు నాకు. గా నీళ్లు మాకూ కావాలె, వీళ్లకూ కావాలె."

ఎండ దిగేదాకా సాగింది. జమ్లి ఒక్కతే అందరి మాటలూ మోసింది. చివరికి గొంతు పూర్తిగా పోయి, గాలి మాత్రమే వస్తుంటే జనం ముందుకు జరిగి చెవులు రిక్కించి విన్నారు. ఎవరో నీళ్ల సీసా అందించారు. తిరిగి చూస్తే వెంకటనారాయణ.

"ఎన్నో ఊళ్లలో ఇలాంటి సభలు పెట్టించాను జమ్లమ్మా" అన్నాడు మెల్లగా. "ఇలాంటిది చూడలేదు."

ఆయన ముఖంలో ఓడిన మనిషి కోపం లేదు. వెండి ట్యాంకుల ముందు నిలబడ్డప్పుడు ఉన్న చూపే ఉంది.

అనుమతి ఆ రోజే ఆగలేదు. కాగితాలు పైకి పోయాయి, నీళ్ల మీద కొత్తగా పరిశీలన చెయ్యమన్నారు, నెలలు గడిచాయి. చివరికి కంపెనీ భూమి అమ్ముకొని పోయింది. సభ వల్లే పోయిందని తండాలో అంటారు. పెద్ద నాయకుడి బామ్మర్దికీ కంపెనీకీ వాటా దగ్గర చెడిందని బాన్సువాడ హోటళ్లలో అంటారు. నూకల ధర పెరిగి గిట్టుబాటు కాలేదని రైస్‌మిల్లు వాళ్లు అంటారు. ఏది నిజమని అడిగితే జమ్లి, "నాకు తెల్వది, నేను తర్జుమా చేసిన గంతే" అంటుంది. హీరాలాల్ కొడుకులు నిజామాబాదులో కూలికి పోతున్నారు. అంగట్లో కనబడితే అతను "నా పోరగాండ్ల నౌకరి నీ నోట్లె పడ్డది" అని నవ్వుతూనే అంటాడు. జమ్లి అతనికి చాయ్ తాగించి వస్తుంది.

పంచాయతీ ఎన్నికలొస్తే ఆటోకు మైకు కడుతూనే ఉంది. బతుకుదెరువు కదా. కాకపోతే ఇప్పుడు చెప్పమన్న మాటను ముందు ఒకసారి విని, "గిది నేను చెప్ప" అనడం కూడా నేర్చుకుంది. అందువల్ల కొన్ని కిరాయిలు పోయాయి. అలాంటప్పుడు సోమ్లా మామూలు సవారీలకు పోతాడు.

మొన్న చలికాలంలో ఆదిలాబాదు వైపు నుంచి ఫోను వచ్చింది. అదే కంపెనీ అక్కడ ఒక వాగు పక్కన భూమి చూసిందట. ఒక్కసారి వచ్చి మీ సంగతి చెప్పి పొమ్మన్నారు అక్కడివాళ్లు. అత్తా కోడళ్లు బస్సెక్కి పోయారు. అక్కడి ఆడవాళ్లది గోండు మాట. జమ్లికి ఒక్క ముక్క రాదు. జీవితంలో మొదటిసారి మాట తెలియని మనిషిలా ఒక మూల కూర్చుంది. ఒక ముసలామె లేచి, వాగు వైపు చెయ్యి చాపి, ఆగి ఆగి మాట్లాడుతోంది. పక్కన ఒక పడుచు ఆమె మాటలను తెలుగు చెయ్యడానికి పెదవులు తడుపుకుంటోంది.

దేవీబాయి మాత్రం తెలుగు కోసం ఆగలేదు. ముసలామె చేతినే చూస్తూ, అప్పటికే తల ఊపుతోంది.